పట్టాలకు అవతలి బెజవాడ

విజయవాడ పాత ఊరైన వన్ టౌన్‌లో, కొత్తపేటలో మీ తాతగారు కట్టిన ఇల్లు, కింది వాటాలో కొట్టు. పదేళ్లుగా గిరాకీ పడిపోతోంది. ఇల్లు అమ్మేసి పటమట వైపు ఫ్లాటు కొందామని పిల్లలు అంటున్నారు. దుర్గగుడి దగ్గర ఫ్లైఓవర్ వచ్చాక కూడా విజయవాడ వన్ టౌన్ ఎందుకు కోలుకోలేదని, రోడ్లు వెడల్పు చేస్తే బాగుపడుతుందా అని, ఇంతకీ ఇల్లు ఉంచుకోవాలా వద్దా అని అడిగారు. ఇంటి సంగతి చివర్లో చెబుతాను. పేట సంగతి తేలితే అది సగం తేలినట్లే.

పట్టణ ప్రణాళిక పనిలో ఇరవై ఆరేళ్లుగా ఉన్నాను. చిట్టినగర్‌లో పెరిగాను, కాలేజీకి రోజూ పట్టాలు దాటి వెళ్లాను. కాబట్టి ఈ సమాధానంలో వృత్తితో పాటు కొంత పక్షపాతం కూడా ఉంటుంది, సర్దుకోండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వన్ టౌన్ లోపల దారులకు కొదవ లేదు. సందులోంచి సందులోకి, వీధిలోంచి వీధిలోకి ఎటుపడితే అటు వెళ్లవచ్చు. అలాంటి అల్లిక కొత్త కాలనీల్లో వెతికినా దొరకదు. చిక్కంతా పొలిమేర దగ్గర ఉంది. ఊరి మిగతా భాగం నుంచి ఈ పేటలోకి మనిషి కాలినడకన రావడానికి ఉన్న ద్వారాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, వాటిలో ఒక్కటీ నడిచే మనిషిని రమ్మన్నట్లుగా లేదు.

ఇలా ఎందుకైందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. కృష్ణ మీద ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. దాని నుంచి తవ్విన కాలువల్లో నీళ్లతో పాటు పడవలూ నడిచాయి. బందరు నుంచి, ఏలూరు నుంచి సరుకు పడవల మీద బెజవాడ చేరేది. కొండకూ కాలువకూ మధ్య ఉన్న నేల మీద బజారు పెరగడానికి కారణం అదే. 1888లో మునిసిపాలిటీ ఏర్పడినప్పుడు బెజవాడ అంటే దాదాపుగా నేటి వన్ టౌనే. ఆ మరుసటి ఏడాది, 1889లో, నిజాం రైలు మార్గం సికింద్రాబాద్ నుంచి ఇక్కడికి చేరింది. తర్వాత కృష్ణ మీద వంతెన పడింది, మద్రాసు లైను కలిసింది, జంక్షను పెరిగింది, యార్డు పెరిగింది. పడవలు పోయి రైళ్లు వచ్చాయి కదా అని బజారుకు నష్టమేమీ కలగలేదు. చాలాకాలం లాభమే కలిగింది. అయితే ఊరు మాత్రం పట్టాలకు తూర్పున విస్తరించింది. గాంధీనగర్, గవర్నరుపేట, సూర్యారావుపేట, లబ్బీపేట, ఆపైన బెంజ్ సర్కిల్, పటమట. ఊరి నడిమధ్య తూర్పుకు జరిగిపోయింది, బజారు పట్టాలకు పడమటే ఉండిపోయింది.

ఇప్పుడు పటం ముందు పెట్టుకుని చూడండి. వన్ టౌన్‌కు తూర్పున స్టేషను, యార్డు. ఉత్తరాన కాజీపేట వైపు తిరిగే లైను. పడమట ఇంద్రకీలాద్రి, దాని వెంట కొండల వరుస. దక్షిణాన కృష్ణ, కాలువలు. నాలుగు దిక్కులూ మూసిన సంచి ఇది. ఆ సంచికి ఉన్న చిల్లులు ఏమిటంటే, కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర పట్టాల కిందుగా వెళ్లే లో బ్రిడ్జి, ఉత్తరాన ఎర్రకట్ట వైపు దాటే చోట్లు, చిట్టినగర్ సొరంగం, గుడి కింది రోడ్డు, కాలువల మీది వంతెనలు, స్టేషనుకు తారాపేట వైపున్న ద్వారం. లక్షలమంది జీవితం ఈ కాసిని ఇరుకుల్లోంచి జరగాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, పట్టాలకు ఉత్తరాన ఉన్న సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, ఊరి ఒక వైపు నుంచి రెండో వైపుకు ఎన్ని దారులున్నాయో అందరికీ లెక్క తెలిసివచ్చింది.

దూరం సంగతి కూడా చూడండి. కాళేశ్వరరావు మార్కెట్ నుంచి పండిట్ నెహ్రూ బస్ స్టేషనుకు పటం మీద గీత గీస్తే కిలోమీటరుకు అటూ ఇటూ. పదిహేను నిమిషాల నడక కావాలి. కానీ ఆ దూరం నడిచి వచ్చి చీర కొనుక్కుని వెళ్లే మనిషిని ఈ మధ్య మీరు చూశారా? మీ కొట్టు ఎదురుగా నిలబడి వచ్చినవాళ్లను అడగండి, ఆటోలో వచ్చామనో బండి మీద వచ్చామనో అంటారు. బండి ఎక్కినవాడికి వన్ టౌన్ ఒక్కటే గమ్యం కానక్కరలేదు. బండి నిలపడానికి చోటున్న కొట్టుకు వెళ్తాడు. అది బెంజ్ సర్కిల్ దగ్గర ఉంటుంది. మీకు పోయిన గిరాకీ అదే.

మా వృత్తిలో దీనికి తేలికైన కొలత ఒకటి ఉంది. మీ ఇంటి నుంచి మీరు వెళ్లాలనుకున్న చోటుకు పటం మీద నేరుగా గీత గీసి దూరం కొలవండి. తర్వాత నిజంగా నడవాల్సిన దూరం కొలవండి. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. వీధులు బాగా అల్లుకున్న పేటలో అది 1.3 దరిదాపుల్లో ఉంటుంది. రెండు దాటితే మనిషి నడవడం మానేస్తాడు. మీ ఇంటి నుంచి శివాలయం వీధికి లెక్కవేయండి, చక్కగా వస్తుంది. అదే ఇంటి నుంచి పట్టాలకు అవతల హనుమాన్‌పేటకో గాంధీనగర్‌కో లెక్కవేయండి. మీ కొట్టు జాతకం అక్కడ కనబడుతుంది.

ఇక ఫ్లైఓవర్. 2020 అక్టోబరులో ప్రారంభమైన కనకదుర్గ ఫ్లైఓవర్, దాదాపు 2.6 కిలోమీటర్ల పొడవుతో, తనకు అప్పగించిన పనిని బాగానే చేసింది. హైదరాబాద్ రోడ్డు మీద వచ్చే లారీలను, బస్సులను గుడి కింద ఆగకుండా దాటించడం దాని పని. ఆగకుండా దాటిపోయేవాళ్ల కోసం కట్టినదాన్ని, ఆగాల్సిన పేటను ఎందుకు బాగుచేయలేదని నిలదీయడం న్యాయం కాదు. దానివల్ల వన్ టౌన్‌కు ఒక మేలు మాత్రం జరిగింది, దాన్ని ఎవరూ వాడుకోలేదు. ఫ్లైఓవర్ లేని రోజుల్లో గుడి దగ్గర రద్దీ అయితే చాలు, వాహనాలను లో బ్రిడ్జి, మార్కెట్, పంజా సెంటర్, నెహ్రూ బొమ్మ సెంటర్, చిట్టినగర్, సొరంగం మీదుగా మళ్లించేవారు. దసరా వచ్చిందంటే అమ్మవారి దారి భక్తులకు, మన వీధులు వాహనాలకు. పేట మొత్తం ఇంకొకరి బైపాస్‌గా పనిచేసింది. ఆ భారం తగ్గినప్పుడు మిగిలిన జాగాను వెంటనే నడిచేవాళ్లకు కేటాయించి ఉంటే బాగుండేది. ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. నిలిపిన వాహనాలతో నిండింది.

రోడ్ల వెడల్పు గురించి ఇంతే ఖరాకండిగా చెబుతాను. వద్దు. వన్ టౌన్‌లో ఒక వీధిని అరవై అడుగులు చేయాలంటే రెండు వైపులా ఇళ్ల ముందు గదులు పోతాయి. పరిహారంగా డబ్బు బదులు, మరోచోట అదనంగా కట్టుకోవడానికో అమ్ముకోవడానికో పనికొచ్చే నిర్మాణ హక్కుల బదిలీ బాండ్లు (టీడీఆర్) చేతిలో పెడతారు. సగం కోసిన ఇళ్లు ఏళ్ల తరబడి ఇనుప చువ్వలు బయటపెట్టుకుని నిలబడతాయి. ఇంత చేసినా ఆ వీధి చివర ఉన్న ద్వారం వెడల్పు మారదు. సీసా మెడ అంతే ఉండగా పొట్ట పెద్దది చేసినట్లు. అరవై అడుగుల్లో వచ్చిన వాహనాలన్నీ అదే వంతెన కింద ఇరుక్కుంటాయి.

అందుకని డబ్బు, బుర్ర, పలుకుబడి అన్నీ ద్వారాల మీద పెట్టాలన్నది నా వాదన. దీన్ని కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే అసలు పనితనం ఇక్కడే ఉంది.

పట్టాల కింద దారి అనగానే మనవాళ్లు వాహనం కోసం ఒక గుంత తవ్వి, మనిషిని కూడా అదే గుంతలోకి దించుతారు. లారీకి ఐదు మీటర్లకు పైగా ఎత్తు కావాలి. మనిషికి రెండున్నర మీటర్లు చాలు. కాబట్టి ఇద్దరూ ఒకే లోతుకు దిగనవసరం లేదు. రోడ్డు పక్కన కాలిబాటను ఒక మీటరో మీటరున్నరో ఎత్తులో, వేరే గట్టులా కడితే రెండు లాభాలు. ముసలివాళ్లకు, సంచులు మోసేవాళ్లకు ఎక్కే, దిగే శ్రమ తగ్గుతుంది. వాన కురిసి రోడ్డు మీద నీళ్లు నిలిచినా నడక ఆగదు. మోకాలి లోతు నీళ్లలో పుస్తకాలు నెత్తిన పెట్టుకుని నేను దాటిన రోజులున్నాయి. నీళ్లు తోడే పంపు ఉండేది. కరెంటు పోతే పంపు కూడా పోయేది, మన ఊళ్లో కరెంటు పోయేదే వాన పడినప్పుడు. నీళ్లను గుంతలోకి రానిచ్చి తోడడం కన్నా, పల్లం మొదలయ్యే చోటే రోడ్డును కాస్త మిట్ట చేసి, అడ్డంగా జాలీ కాలువ వేసి, బయటి నీళ్లను బయటే మళ్లించడం చౌక. ఆ తర్వాత లోపల పడేది కొద్ది నీరే, దానికి చిన్న పంపు సరిపోతుంది.

రెండోది వెలుతురు. ఎండలోంచి వంతెన కిందికి అడుగుపెట్టిన కంటికి మొదటి కొన్ని క్షణాలు ఏమీ కనబడదు. అందువల్ల వంతెన కింద దీపాలు రాత్రికన్నా పగలు ఎక్కువ కాంతితో వెలగాలి. సొరంగాలు కట్టే ఇంజనీర్లకు ఇది మొదటి పాఠం. మన దగ్గర వాటిని వీధి దీపాల లైనుకు కలిపేస్తారు, పొద్దున్నే అన్నీ ఒకేసారి ఆరిపోతాయి. ఆడపిల్లలు ఆ దారి వదిలి ఆటో ఎక్కడానికి సగం కారణం ఇదే. ఇంకో సగం, లోపలికి అడుగుపెట్టే ముందే అవతలి కొస కనబడకపోవడం. దారి మధ్యలో వంపు ఉంటే, మూల ఉంటే, స్తంభం వెనక చీకటి ఉంటే, ఎన్ని కెమెరాలు పెట్టినా మనసు ఒప్పుకోదు. చిట్టినగర్ సొరంగానికీ ఇదే వర్తిస్తుంది. అక్కడ హారన్ల మోత అదనం.

మూడోది ద్వారం మొగదల. షేర్ ఆటోలు సరిగ్గా వంతెన నోట్లోనే నిలుస్తాయి, ఎందుకంటే జనం దొరికేది అక్కడే. పోలీసులు తరుముతారు, గంటలో మళ్లీ వస్తాయి. తరమడం బదులు నలభై యాభై మీటర్లు వెనక్కి, నీడ ఉన్న చోట సరైన స్టాండు కట్టివ్వాలి. తోపుడు బండ్ల విషయంలో నా మాట చాలామంది అధికారులకు నచ్చదు. వాళ్లను ఖాళీ చేయించవద్దు. రాత్రి తొమ్మిదింటికి వంతెన దగ్గర నలుగురు మనుషులు కనబడితేనే ఆ దారి దారిగా ఉంటుంది. మల్లెపూలు, జామకాయలు, మిర్చి బజ్జీలు అమ్మేవాళ్లకు గీతలు గీసి చోటు చూపించి, నడకకు కనీసం 1.8 మీటర్లు వదలమనాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం చెప్పే కనీస వెడల్పు అదే. బజారు వీధుల్లో ఇంకా ఎక్కువ ఉండాలి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వేసే పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది ఆ వ్యాపారులే ఉండాలి. వాళ్లతో కూర్చుని మాట్లాడితే ఏ గంటలో ఎక్కడ రద్దీ ఉంటుందో మన సర్వేకన్నా కచ్చితంగా చెబుతారు.

ఇవన్నీ ఉన్న ద్వారాలకు మరమ్మతులు. కొత్త ద్వారం ఒకటి ఉండాలంటే అది స్టేషనులోంచే ఉండాలి.

ఇక్కడ ఆమ్‌స్టర్‌డామ్ గురించి చెప్పాలి. ఆ ఊరి సెంట్రల్ స్టేషను కూడా 1889లోనే తెరుచుకుంది, బెజవాడకు నిజాం రైలు వచ్చిన ఏడాదే. దాన్ని సరిగ్గా పాత ఊరికీ నీటికీ మధ్య కట్టారు. ఊరివాళ్లు తమ రేవును చూడడం మానేసి ఆ గోడను చూస్తూ నూరేళ్లకు పైగా గడిపారు. 2015లో స్టేషను కిందుగా, ప్లాట్‌ఫారాలతో సంబంధం లేకుండా, 110 మీటర్ల దారి తెరిచారు. నడిచేవాళ్లకు, సైకిళ్లకు మాత్రమే. టికెట్టు అక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది. నడిచే బాట సైకిలు బాట కన్నా కాస్త ఎత్తులో ఉంటుంది. నడిచే వైపు గోడ పొడవునా నీలి తెలుపు పలకల మీద ఓడల చిత్రాలు. దారిలోకి అడుగుపెడుతూనే అవతల నీళ్ల వెలుగు కనబడుతుంది. అంతకన్నా గొప్ప సాంకేతికత అందులో ఏమీ లేదు. స్టేషను రైల్వేది, దారి ఊరిది అన్న విభజన ఒక్కటే కొత్త.

మన స్టేషనులో ఒక కొస నుంచి రెండో కొసకు దాటాలంటే ప్రయాణికుడై ఉండాలి, లేదా ప్లాట్‌ఫారం టికెట్టు కొనాలి. పాల ప్యాకెట్టు కోసం ఎవరూ టికెట్టు కొనరు. తూర్పు వైపు నుంచి తారాపేట వైపుకు, ప్లాట్‌ఫారాల మీదికి దిగే మెట్లు లేని ఒక బహిరంగ వంతెన ఉందనుకోండి. పైకప్పు, లిఫ్టు, రెండు చివరలా నాలుగు కొట్లు. గాంధీనగర్ నుంచి వన్ టౌన్‌కు నడక సగానికి పడిపోతుంది. తారాపేట వైపు దిగగానే గాంధీ కొండ, దాని మీద 1968లో ఆవిష్కరించిన 52 అడుగుల స్తూపం. ఊరికి కొత్తవాడు కూడా దాన్ని గుర్తుపెట్టుకుని నడవగలడు. దారి చూపే గుర్తును వెల ఇచ్చి కట్టనక్కరలేదు, ఎప్పుడో కట్టి ఉంది. అది కనబడకుండా ప్రకటన బోర్డులు పెట్టకపోతే చాలు.

ఆ దారి తెరిస్తే మొదట వచ్చేది ఎవరో చెప్పనా? భక్తులు. రైలు దిగినవాళ్లలో ఎంతమంది అమ్మవారి గుడికి వెళ్తారో మీకు నేను చెప్పాలా! స్టేషను నుంచి కొండ కింద రథం సెంటర్‌కు వన్ టౌన్ మీదుగా రెండు కిలోమీటర్ల లోపే. మార్కెట్ దాటి, బ్రాహ్మణ వీధి మీదుగా, కొండ ఎదురుగా కనబడుతూ ఉండగా నడిచే దారి. ఒకప్పుడు యాత్రికులు అలాగే వెళ్లేవారు. ఇప్పుడు స్టేషను బయట ఆటో ఎక్కి, కాలువ గట్టు రోడ్డు మీదుగా గుడి దగ్గర దిగి, దర్శనం చేసుకుని, మళ్లీ ఆటోలో స్టేషనుకు. మీ పేటను చుట్టి వెళ్తున్నారు, లోపలికి రావడం లేదు. వాళ్లలో పదిమందికి ఒకరు ఒక వైపైనా నడిస్తే ఇత్తడి సామాను కొట్టుకు, చీరల కొట్టుకు, టిఫిను హోటలుకు ఏం జరుగుతుందో వ్యాపారులైన మీకే బాగా తెలుస్తుంది. ఆ దారికి కావలసింది నీడ, మంచినీళ్లు, కూర్చోవడానికి అరుగులు, శుభ్రమైన మరుగుదొడ్డి, కాళ్లు కాలని నేల. చెప్పులు లేకుండా నడిచే భక్తులు ఉన్న ఊళ్లో నున్నటి నల్ల గ్రానైట్ పరిచే పెద్దమనుషులను నేను చూశాను. ఏప్రిల్ మధ్యాహ్నం వాళ్లను దాని మీద ఒక పది అడుగులు నడిపించాలి.

గ్రానైట్ అనగానే నా తప్పొకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం ఒక కోస్తా పట్టణంలో పాత బజారు వీధికి మా బృందం నమూనా గీసింది. రంగు పలకలు, పాతకాలపు దీపస్తంభాలు, పూలకుండీలు. ప్రారంభోత్సవం నాడు పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. ఆరు నెలలకు పలకల మీద మోటారు సైకిళ్లు నిలిచాయి, కుండీల్లో టీ గ్లాసులు చేరాయి. కారణం తర్వాత అర్థమైంది. ఆ వీధికి ఒక కొసన జాతీయ రహదారి, రెండో కొసన మురుగు కాలువ. రెండూ దాటడానికి మేము ఏమీ చేయలేదు, మాకిచ్చిన పనిలో ఆ రెండూ లేవు, మేమూ అడగలేదు. దారి తెరవని చోట అలంకారం చేశాం.

లోపలి వీధుల గురించి కొద్దిగా. పదిహేను ఇరవై అడుగుల సందుల్లో ఫుట్‌పాత్ కట్టమని అడగవద్దు, అది ఒక మనిషి కూడా పట్టని గట్టు అవుతుంది. గోడ నుంచి గోడకు ఒకే మట్టంగా నేల చదును చేసి, నీరు మధ్యకు వాలేలా చేసి, వాహనం నడక వేగంతో తప్ప పోలేని విధంగా ఉంచాలి. ఢిల్లీ చాందినీ చౌక్‌లో లాల్ జైన్ మందిరం నుంచి ఫతేపురి మసీదు దాకా ఉన్న 1.3 కిలోమీటర్ల వీధిని 2021లో కొత్తగా తెరిచినప్పుడు ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు మోటారు వాహనాలను ఆపారు. అక్కడి ఎర్ర రాతి బల్లల గురించి అందరూ మాట్లాడతారు, నాకు ఆ వేళల నియమమే ముఖ్యంగా కనిపించింది. వన్ టౌన్‌కు దాన్ని యథాతథంగా తేవడం కుదరదు, ఇది టోకు బజారు. కొంత టోకు వ్యాపారం గొల్లపూడి కాంప్లెక్సుకు తరలినా వస్త్రలత అనే టోకు బట్టల మార్కెట్లో బేళ్లు ఇప్పటికీ దిగాలి. కానీ బేలు లారీ నుంచి కొట్టు దాకా నిజంగా ఎలా వస్తుందో చూశారా? చివరి రెండు మూడు వందల గజాలు ముఠా కార్మికుడి భుజం మీదో, రిక్షా తొట్టిలోనో వస్తుంది. లారీ ఎప్పుడూ కొట్టు దాకా రాలేదు. అంటే సగం ఏర్పాటు ముందే ఉంది. పేట అంచున, ద్వారాలకు కాస్త ఎడంగా, సరుకు దింపే స్థలాలు రెండు మూడు కేటాయించి, వేళలు రాత్రికి, తెల్లవారుజాముకు మార్చాలి. ఈ చర్చలో ముఠా మేస్త్రీలను మొదటి రోజు నుంచే కూర్చోబెట్టాలి. వాళ్లు కాదంటే ఏ నియమమూ రెండు రోజులు నిలవదు.

కొండవాలు ఇళ్ల సంగతి చాలామంది మరిచిపోతారు. చిట్టినగర్ వైపు, విద్యాధరపురం వైపు, కొండ మీదికి వందల ఇళ్లున్నాయి. వాళ్లకు మెట్లే వీధి. గ్యాస్ సిలిండరు, నీళ్ల డబ్బా, జ్వరం వచ్చిన ముసలమ్మ, అన్నీ ఆ మెట్ల మీదే. కొలంబియాలోని మెడెయిన్ నగరంలో ఇలాంటి కొండపేటకు 2011లో బహిరంగ ఎస్కలేటర్లు వేశారు, చూడడానికి ఇప్పుడు విదేశీయులు కూడా వస్తారు. మనకు అంత అవసరం లేదు. పదిహేను సెంటీమీటర్ల ఎత్తు, ముప్పై సెంటీమీటర్ల అడుగు వెడల్పుతో ఒకే తీరున మెట్లు, పన్నెండు మెట్లకొక చదును, చేతికి పట్టు, పక్కనే మూత ఉన్న కాలువ, గోడల్లో నీరు కారడానికి రంధ్రాలు. మెట్ల మీద వాననీరు పారకుండా చేస్తేనే సగం పని అయినట్లు. ఆ జనం కిందికి సుఖంగా దిగితే మీ కొట్టుకు వచ్చేది కూడా వాళ్లే.

మరి ఇవన్నీ ఎందుకు జరగవు? డబ్బు లేక కాదు. ఒక ద్వారం దగ్గర నిలబడి చూడండి. వంతెన రైల్వేది. కింద రోడ్డు నగరపాలక సంస్థది. పక్కన కాలువ జలవనరుల శాఖది. అటు వెళ్తే జాతీయ రహదారి వాళ్లది. ఇటు వెళ్తే దేవాదాయ శాఖ. ఆటో స్టాండు సంగతి ట్రాఫిక్ పోలీసులది. ఇంతమంది ఒక గదిలో కూర్చునేది దసరా ఏర్పాట్ల సమీక్షలోనే. 2016 కృష్ణా పుష్కరాలప్పుడు కూడా కూర్చున్నారు, పనులు చకచకా జరిగాయి. కాబట్టి మీ వ్యాపారుల సంఘం తరఫున నా సలహా ఇది. వన్ టౌన్ మొత్తం బాగుచేయాలన్న అర్జీ పెట్టవద్దు, దాన్ని ఆరు శాఖలకూ పంపి ఆరు చోట్లా మూసేస్తారు. ఒకే ద్వారం ఎంచుకోండి. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు, ఒక పనిరోజు, ఒక ఆదివారం, ఎంతమంది నడిచారో, ఎంతమంది బండ్ల మీద వెళ్లారో మీ కాలేజీ పిల్లల చేత లెక్కపెట్టించండి. ఆ కాగితంతో దసరా సమీక్షకు ముందు వెళ్లి, ఈ దారిని నవరాత్రులకు నడిచే దారిగా ఇవ్వమని అడగండి. పండుగ పేరుతో అయితే కాదనేవాళ్లు ఉండరు. పదిరోజుల తర్వాత బారికేడ్లు తీసేస్తామంటే, ఆ పదిరోజుల అమ్మకాల పుస్తకాలు చూపించండి. పార్కింగు పోతే గిరాకీ పోతుందని భయపడే మీ పక్క కొట్టువాడికి కూడా ఆ పుస్తకమే చూపించాలి, నా మాటకన్నా దాన్నే నమ్ముతాడు.

ఇప్పుడు మీ ఇల్లు. ముందు నగరపాలక సంస్థ పట్టణ ప్రణాళిక విభాగంలో మీ వీధికి రోడ్డు విస్తరణ గీత ఉందో లేదో చూడండి. ఉంటే ఎంత లోపలికి ఉందో కొలత రాయించుకోండి. ఇంటిని కొనేవాడు మొదట అడిగేది అదే, మీకు తెలియకపోతే ధర అక్కడే విరుగుతుంది. గీత లేకపోయినా, తక్కువైనా, నేనైతే ఇప్పుడే అమ్మను. పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టే ఆలోచన మాత్రం చేయవద్దు. చిన్న స్థలంలో కింది అంతస్తు మొత్తం పార్కింగుకే పోతుంది, మీ కొట్టు మాయమవుతుంది, వీధి వైపు ఇనుప గేటు మిగులుతుంది. అలాంటి గేట్లు నాలుగు వరసగా పడితే ఆ వీధిలో బజారు చచ్చిపోయినట్లే. గోడలు గట్టిగా ఉంటే పైవాటా బాగుచేసి అద్దెకు ఇవ్వండి. స్టేషనుకు దగ్గర కాబట్టి ఉద్యోగులు, చదువుకునే పిల్లలు వస్తారు.

అమ్మకపోవడానికి నా పక్షపాతం కాక ఇంకో కారణం ఉండాలంటే, మీ ఇల్లు ఏ ద్వారానికి దగ్గరో తెలియాలి. తారాపేట వైపు ఐదారు నిమిషాల నడకలో ఉంటే ఒక మాట, పడమట కొండ కింద ఉంటే ఇంకో మాట. ఒక ఆదివారం పొద్దున్నే, కొట్లు తెరవకముందు, టేపు పట్టుకుని మీ గుమ్మం ఎదుట వీధి గోడ నుంచి గోడకు ఎన్ని అడుగులుందో కొలవండి. అక్కడి నుంచి స్టేషను ద్వారం దాకా నడిచి, ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎక్కడెక్కడ రోడ్డు మీదికి దిగాల్సి వచ్చిందో రాసుకోండి. ఆ రెండూ ఇక్కడ పెట్టండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.